కొత్తగా చేరిన యూనివర్సిటీ టీచర్ పాఠం చెప్పడం ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. నెల్లూరు దగ్గర యూనివర్సిటీలో జువాలజీ, ఆక్వాకల్చర్ పేపర్లు చెప్పే ఒక కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్ అడిగారు: "పీహెచ్‌డీ ఉంది, ఓరియంటేషన్ కోర్సు అయింది, ఆన్‌లైన్ ఎఫ్‌డీపీల (టీచర్ల శిక్షణ కార్యక్రమాల) సర్టిఫికెట్లు ఫైలు నిండా ఉన్నాయి. అయినా క్లాసులో నేను చెప్పేది పిల్లలకు అందుతోందో లేదో తెలియక టెన్షన్. సీనియర్లు మంచివాళ్ళే, కానీ డిపార్ట్‌మెంట్‌లో పాఠం గురించి ఎవరూ మాట్లాడరు. మేమే కొందరం కలిసి నేర్చుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి? దానికి హెడ్ గారి అనుమతి అడగాలా?"

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, వివరం తర్వాత. మన వృత్తిలో పాఠం చెప్పడం నేర్చుకునేది ఎక్కువగా తోటి టీచర్లతో మాట్లాడుతూనే. అదీ ఇద్దరు ముగ్గురితో, మనం నమ్మే మనుషులతో, మధ్యలో ఒక కాగితం పెట్టుకుని. ఆ కాగితం పిల్లవాడు రాసిన జవాబు కావచ్చు, మీరు తయారుచేసిన క్వశ్చన్ పేపర్ కావచ్చు, రేపు చెప్పబోయే పాఠం నోట్సు కావచ్చు. కాగితం లేకుండా కూర్చుంటే పది నిమిషాల్లో మాట డీఏ బకాయిల మీదకో ప్రమోషన్ల మీదకో వెళ్ళిపోతుంది. అది తప్పని అనను, దానివల్ల పాఠం మెరుగుపడదు, అంతే. నేను నెల్లూరు, కావలి ప్రాంతంలో డిగ్రీకీ పీజీకీ జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

దీని మీద బయట పరిశోధన కూడా జరిగింది. స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో టోర్గ్నీ రోక్సా, కాటరీనా మోర్టెన్సన్ అనే ఇద్దరు 106 మంది టీచర్లను అడిగారు, బోధన గురించి మీరు నిజంగా మనసు విప్పి ఎవరితో మాట్లాడతారని. 2009లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చాలామంది చెప్పినది కొద్దిమంది పేర్లే, పదికి మించలేదు. ఆ మాటలు నలుగురి ఎదుట జరగవు, నమ్మకం మీద నడుస్తాయి, మనిషిని ఆలోచనలో పడేస్తాయి అని వాళ్ళు తేల్చారు. ఇంగ్లండ్‌లో మైకేల్ ఎరాట్ నర్సులూ ఇంజనీర్లూ అకౌంటెంట్లూ ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో ఎలా నేర్చుకుంటారో పరిశీలించారు. నేర్చుకోవడంలో పెద్ద భాగం చేసే పనిలోంచే వస్తుందనీ, ఆత్మవిశ్వాసం, సవాలు, తోడ్పాటు ఈ మూడూ ఒకదాన్నొకటి నిలబెడతాయనీ ఆయన మాట. మీ ఉత్తరం చదివితే సవాలు కావలసినంత ఉంది. తోడ్పాటు లేదు కాబట్టి ఆత్మవిశ్వాసం తగ్గుతోంది. లోపం మీలో ఉందనుకోకండి.

ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సులను మాత్రం తీసిపారేయకండి. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత 1987 నుంచి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) టీచర్ల శిక్షణకు అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. 2015లో అవి హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ సెంటర్లు (హెచ్‌ఆర్‌డీసీలు) అయ్యాయి, 2023లో మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లయ్యాయి. మన జిల్లా వాళ్ళకు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఉన్నదే దగ్గర. 2018 యూజీసీ నిబంధనల్లో పై మెట్టుకు వెళ్ళడానికి ఇవి అవసరం కూడా, కాబట్టి వేళకు చేసేయండి. అవి విషయ పరిచయం ఇస్తాయి, వేరే ఊళ్ళ టీచర్లను పరిచయం చేస్తాయి. మీ క్లాసులో మూడో బెంచీ పిల్ల ఎందుకు రాసుకోవడం ఆపేసిందో అవి చెప్పలేవు. అది అక్కడే, ఆ క్లాసు తెలిసినవాళ్ళే చెప్పగలరు.

ఇక మనకు తెలియకుండానే మనం చదువుకున్న పెద్ద బడి స్పాట్ వాల్యుయేషన్, అంటే వేర్వేరు కాలేజీల టీచర్లు ఒకచోట చేరి పరీక్ష పేపర్లు దిద్దడం. దాని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళు దాన్ని రెమ్యునరేషన్ కోసం చేసే చాకిరీగా చూస్తున్నారు. 2008లో విక్రమ సింహపురి యూనివర్సిటీ రాకముందు నెల్లూరు జిల్లా కాలేజీలు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ కిందే ఉండేవి. పేపర్లు దిద్దడానికి వెళ్ళినప్పుడు చిత్తూరు, మదనపల్లె, గూడూరు, కావలి కాలేజీల వాళ్ళం ఒకే టేబుల్ చుట్టూ కూర్చునేవాళ్ళం. బండిల్స్ విప్పకముందు చీఫ్ ఎగ్జామినర్ స్కీమ్ చదివేవారు. ఫలానా ప్రశ్నకు డయాగ్రమ్‌కు ఇన్ని మార్కులు, లేబులింగ్‌కు ఇన్ని, వివరణకు ఇన్ని అని. అక్కడ మొదలయ్యేది వాదన. "డయాగ్రమ్ సరిగ్గా లేదు, కానీ వివరణ చూస్తే వాడికి విషయం అర్థమైందని తెలుస్తోంది, మార్కులు ఎలా కోస్తాం?" అని ఒకరు. "గైడులో వాక్యం వాక్యంగా దించాడు, అర్థమైందని ఎలా అంటారు?" అని ఇంకొకరు. ఒక జవాబును నలుగురు నాలుగు రకాలుగా చూడటం కళ్ళారా చూస్తే, మనం క్లాసులో చెప్పేది కూడా విద్యార్థి అలాగే నాలుగు రకాలుగా వింటాడన్న సంగతి బుర్రకెక్కుతుంది. ఆ టేబుల్ దగ్గర విన్న మాటల వల్ల నేను క్వశ్చన్ పేపర్ రాసే తీరు పూర్తిగా మారింది. ఏ కోర్సులోనూ నాకు అది దొరకలేదు.

మీకు స్పాట్ డ్యూటీ పడితే వద్దనకండి. లంచ్‌లో పక్క కాలేజీ వాళ్ళను అడగండి, ఈ చాప్టర్ మీరు ఎన్ని క్లాసుల్లో చెప్తారు, ఎక్కడ పిల్లలు తడబడతారు అని. ప్రాక్టికల్స్‌కు ఎక్స్‌టర్నల్‌గా (బయటి ఎగ్జామినర్‌గా) వెళ్ళినప్పుడు కూడా అంతే. మార్కులు వేసి వచ్చేయకుండా వాళ్ళ ల్యాబ్ ఒకసారి తిరిగి చూడండి. మైక్రోస్కోపులు తక్కువున్న చోట బ్యాచ్‌ను రెండుగా చేసి, సగం మందికి స్లైడ్లూ సగం మందికి స్పెసిమెన్లూ ఇచ్చి మధ్యలో మార్చే పద్ధతిని నేను అలాంటి ఒక చిన్న కాలేజీలోనే చూసి నేర్చుకున్నాను.

స్పాట్ దాకా ఆగక్కర్లేదు. అదే పని మీరు ముగ్గురు కూర్చుని చేసుకోవచ్చు. మీ పేపర్‌కు సరిపోయే ఉదాహరణ చెప్తాను.

రొయ్యల గుంటలో కరిగిన ఆక్సిజన్ రోజంతా ఎలా మారుతుందో అన్న పాఠం తీసుకోండి. పగలు నీటిలోని వృక్ష ప్లవకాలు (నీటిలో తేలే అతి చిన్న మొక్కలు) కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ వదులుతాయి, కాబట్టి మధ్యాహ్నానికి అది పెరుగుతుంది. రాత్రి అవీ రొయ్యలూ అడుగున ఉన్న బ్యాక్టీరియా అన్నీ పీల్చుకోవడమే తప్ప తయారయ్యేది లేదు, కాబట్టి తెల్లవారుజామున అడుగంటుతుంది. మన పిల్లలు ఈ నాలుగు వాక్యాలు చక్కగా రాస్తారు. అలాంటి జవాబులు మూడు తీసుకోండి, ఒకటి మంచిది, ఒకటి మధ్యరకం, ఒకటి బాగాలేనిది. పేరూ నంబరూ కనబడకుండా జిరాక్స్ తీయించి ముగ్గురూ విడివిడిగా మార్కులు వేయండి. తర్వాత పోల్చుకోండి. మార్కులు కలిసిన చోట మాట్లాడాల్సింది పెద్దగా ఉండదు. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ ఆగండి. ఒకరు అంటారు, "వీడు అన్నీ రాశాడు." ఇంకొకరు అంటారు, "అన్నీ రాశాడు కానీ మబ్బు పట్టిన రోజు ఏం జరుగుతుందని అడిగితే చెప్పగలడా?" అప్పుడు మీకు తడుతుంది, మీ ప్రశ్నే మార్చాలని. వచ్చే మిడ్ పరీక్షలో ఇలా అడుగుతారు: "రెండు రోజులుగా ముసురు. గుంటలో ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) సాయంత్రం ఆపేద్దామని రైతు అంటున్నాడు. మీరేం చెప్తారు, ఎందుకు?" ప్రశ్న మారితే పాఠం చెప్పే తీరు దానంతట అదే మారుతుంది. ముప్పావు గంటలో జరిగే పని ఇది. ఖర్చు జిరాక్స్‌దే.

మీ క్లాసులో ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు నుంచి వచ్చే పిల్లలు ఉంటారు కదా. వాళ్ళలో కొందరి ఇళ్ళల్లో గుంటలున్నాయి. రాత్రి రెండింటికి లేచి ఏరియేటర్ ఆడుతోందో లేదో చూసొచ్చిన పిల్లవాడు మీ ముందు కూర్చుని ఆక్సిజన్ పాఠం వింటుంటాడు. వాడిని అడగండి. రొయ్యలు గట్టు వెంట పైకి తేలితే ఇంట్లో ఏం చేస్తారని అడగండి. వాడు చెప్పేదాంట్లో కొంత శాస్త్రం, కొంత అలవాటు, కొంత మందుల షాపువాడు చెప్పిన మాట కలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూపించడం మీ పని, అది చేస్తూ మీరూ నేర్చుకుంటారు. మా తరానికి ఇది తప్పనిసరి అయింది. టైగర్ రొయ్య 1994, 95లో తెల్లమచ్చల వ్యాధితో దెబ్బతిన్నప్పుడు మాకు పుస్తకాల్లో దొరికింది చాలా తక్కువ. 2009లో వెనామీ అనే కొత్త రకం రొయ్యకు అనుమతి వచ్చాక గుంటలన్నీ చూస్తుండగానే మారిపోయాయి, మా పాఠ్యపుస్తకాల్లో మాత్రం టైగరే ఉంది. హేచరీ (రొయ్య పిల్లలను తయారుచేసే కేంద్రం) టెక్నీషియన్లనూ రైతులనూ అడిగి తెలుసుకుని క్లాసుకు వెళ్ళేవాళ్ళం. సిలబస్ తర్వాత వచ్చి మమ్మల్ని కలుసుకుంది.

ల్యాబ్ అటెండర్‌ను కూడా మరిచిపోకండి. ఏ స్పెసిమెన్ ఏ సీసాలో ఉందో, ఏ సెంట్రిఫ్యూజ్ ఎంత స్పీడ్ దాటితే అదురుతుందో, పిల్లలు ఏ స్టెప్‌లో ఎప్పుడూ తప్పు చేస్తారో ఆయనకు తెలిసినంత మీ హెడ్‌కు కూడా తెలియకపోవచ్చు. ప్రాక్టికల్‌కు ముందు రోజు "అన్నా, ఇది గతేడాది ఎక్కడ ఆగిపోయింది?" అని అడిగి చూడండి. గౌరవంగా అడిగితే ఎవరైనా చెప్తారు.

కొత్తవాళ్ళను పనిలోకి దించే పద్ధతి మన యూనివర్సిటీల్లో తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. జీన్ లేవ్ అనే ఆంత్రపాలజిస్ట్ లైబీరియాలో దర్జీల దగ్గర శిష్యరికం చేసే కుర్రాళ్ళను గమనించారు. వాళ్ళకు ముందు గుండీలు కుట్టడం, అంచులు మడవడం నేర్పుతారు. బట్ట కత్తిరించడం అన్నిటికన్నా చివర. బట్ట పాడైతే నష్టం కాబట్టి, పూర్తయిన చొక్కా ఎలా ఉండాలో చేతికి తెలిశాకే కత్తెర ఇస్తారు. మన దగ్గర చేరిన వారంలోనే పూర్తి పేపర్ చేతిలో పెట్టి, క్వశ్చన్ పేపర్ కూడా మీరే సెట్ చేయండి అంటారు. మీ చేతిలో ఉన్నంతలో దీన్ని సరిచేసుకోండి. సీనియర్ ఎవరైనా ఇంటర్నల్ పేపర్ సెట్ చేస్తుంటే పక్కన కూర్చుంటానని అడగండి. ప్రాజెక్ట్ వైవా జరిగేటప్పుడు వెనక కూర్చుని వినండి. చాలామంది సీనియర్లు పాఠం గురించి మాట్లాడరని మీరన్నారు. నాకు తెలిసి వాళ్ళను ఎవరూ అడగరు కూడా. "సార్, మీరు పాఠం ఎలా చెప్తారు?" అంటే ఎవరికీ జవాబు తట్టదు. "సార్, ఆస్మోరెగ్యులేషన్ (ఒంట్లో నీరు, ఉప్పు సమంగా ఉంచుకోవడం) చెప్పేటప్పుడు మీరు ఏ జంతువుతో మొదలుపెడతారు?" అంటే కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

క్లాసులో కూర్చుని ఒకరినొకరు చూసుకోవడం అన్నిటికన్నా కష్టమైనది, అన్నిటికన్నా ఫలితమిచ్చేదీ అదే. తనిఖీ అన్న అనుమానం రాకూడదు. అందుకే చూడవలసింది ఒకే ఒకటి ముందుగా అనుకోండి, అదీ క్లాసు ఎవరిదో వాళ్ళు చెప్పాలి. "నేను ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నానో చూడు" లేదా "ఏ నిమిషంలో వెనక బెంచీలు నా చేయి దాటిపోయాయో రాయి." చూసినవాళ్ళు అదొక్కటే చెప్పాలి, ఇంకెవరికీ చెప్పకూడదు. వేరే డిపార్ట్‌మెంట్ వాళ్ళయితే ఇంకా మంచిది. తెలుగు మేడమ్ మీ క్లాసుకు వస్తే ఆవిడ జువాలజీ వినరు, మీ గొంతూ మీ బోర్డూ పిల్లల ముఖాలూ చూస్తారు.

ఇలా కలిసి నేర్చుకోవడం మనవాళ్ళకు చేతకానిదేమీ కాదు. రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి చేసినప్పుడు, ఊళ్ళో 180 గంటల పనిని ఎలా నడిపించాలో మాలో ఎవరికీ తెలియదు. 2021–22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు, ఏళ్ళ తరబడి తెలుగులో చెప్పిన లెక్చరర్లు బాగా కలవరపడ్డారు. శిక్షణ ఉత్తర్వులు వచ్చేలోపే ఫోన్లలో పని మొదలైంది. ఒకరు సర్వే ఫారం తయారుచేస్తే పది కాలేజీలు వాడుకున్నాయి. ఒక బోటనీ లెక్చరర్ రేపటి పాఠాన్ని ఇంగ్లీషులో చెప్పి వాయిస్ మెసేజ్ పెడితే, ఇంగ్లీషు లెక్చరర్ రాత్రికి విని ఎక్కడ వాక్యం చిన్నది చేయాలో చెప్పేవారు. ఎవరూ పేరు పెట్టలేదు, ఎవరికీ సర్టిఫికెట్ రాలేదు. అది అసలైన వృత్తి శిక్షణ అని నేను పూర్తిగా నమ్ముతున్నాను. ఒక అవసరం అందరికీ ఒకేసారి వచ్చింది కాబట్టి అది జరిగింది. ఆ అవసరం లేని రోజుల్లో కూడా జరిగేలా చూసుకోవడమే ఇప్పుడు మీ ప్రయత్నం.

దీంట్లో ఒక అన్యాయం ఉంది, అది చెప్పకపోతే నా జవాబు సగమే అవుతుంది. ఇలాంటి మాటలు సాయంత్రం టీ బంకు దగ్గర, ట్రంకు రోడ్డు మీద, ఎవరి గదిలోనో జరుగుతాయి. నాలుగున్నర బస్సు అందుకోవాల్సిన ఆడవాళ్ళు అక్కడ ఉండరు. గెస్ట్ ఫ్యాకల్టీ రెండు చోట్ల క్లాసులు చెప్పుకుంటూ పరుగెడుతుంటారు, వాళ్ళను ఎవరూ పిలవరు. ఇంకా దాచకుండా చెప్పాలంటే, మన దగ్గర స్టాఫ్‌రూమ్ గుంపులు చాలాసార్లు కులాన్ని బట్టీ సంఘాన్ని బట్టీ కడతాయి. ఎవరికి ఎవరు మెలకువలు చెప్తారన్నదీ దాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి మీ ముగ్గురిలో ఒకరు గెస్ట్ ఫ్యాకల్టీ ఉండేలా చూడండి. మీ వాళ్ళు కానివాళ్ళు ఒకరు ఉండేలా చూడండి. సమయం లంచ్ అవర్ పెట్టుకోండి. నెల్లూరు, కావలి మధ్య సీజన్ టికెట్ మీద రైల్లో తిరిగిన రోజుల్లో మేం ఆడ లెక్చరర్లం క్వశ్చన్ పేపర్లు రైల్లోనే మాట్లాడుకునేవాళ్ళం. మీకు యూనివర్సిటీ బస్సు ఉంటే అదీ మంచి చోటే.

ఇంకో జాగ్రత్త. స్టాఫ్‌రూమ్‌లో నేర్చుకునేదంతా మంచి కాదు. "నోట్సు డిక్టేట్ చేసేయ్, పిల్లలు అదే కోరుకుంటారు", "ఆ యూనిట్ నుంచి ప్రశ్న రాదు, వదిలేయ్", "ఇంపార్టెంట్ ప్రశ్నలు పది ఇచ్చేస్తే రిజల్ట్ బాగుంటుంది" ఇవి కూడా ఒకరి నుంచి ఒకరికి అలాగే పాకుతాయి, ఇంకా వేగంగా. ఒక సలహా వింటే దాన్ని విద్యార్థి రాసిన జవాబుతో పోల్చి చూడండి. నోట్సు డిక్టేట్ చేసిన యూనిట్‌లోంచి కొత్త రకం ప్రశ్న ఒకటి ఇస్తే పిల్లలు ఏం రాస్తారో చూడండి. ఎంత సీనియర్ చెప్పినా తీర్పు ఆ పేపర్ దగ్గరే తేలాలి.

దీన్ని ఐక్యూఏసీ (నాణ్యత చూసే అంతర్గత విభాగం) కింద కార్యక్రమంగా చూపిద్దాం, గ్రేడ్ ఇచ్చే నాక్‌కు పనికొస్తుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ బ్యానర్ కట్టి జియోట్యాగ్ ఫొటో తీసే గదిలో "నా క్లాసు నిన్న పూర్తిగా చెడింది" అని ఎవరు చెప్తారు? మాటలను రికార్డుకు ఎక్కించకండి. మాటల వల్ల తయారైన వస్తువును రికార్డుకు ఎక్కించండి. మారిన ప్రశ్నల బ్యాంకు, కొత్తగా రాసిన ల్యాబ్ మాన్యువల్, గుంట నీటి పరీక్ష మీద ఒక ప్రాక్టికల్ ఇవి సిలబస్ చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు పెట్టవచ్చు. మీ ముగ్గురి పేర్లూ దాని మీద ఉంటాయి, ఎవరి రహస్యమూ బయటపడదు. వాట్సాప్ గ్రూప్ కూడా డిపార్ట్‌మెంట్‌ది వద్దు, అందులో సర్క్యులర్లే వస్తాయి. ముగ్గురికే వేరుగా పెట్టుకోండి.

ఇక అనుమతి సంగతి. ముగ్గురు టీచర్లు లంచ్‌లో జవాబు పత్రాల గురించి మాట్లాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మిడ్ పేపర్లు మీరు దిద్దేవే కాబట్టి, పేర్లు కనబడకుండా చూసుకుంటే చాలు. సెమిస్టర్ పరీక్ష పేపర్లను మాత్రం తాకకండి, వాటికి నిబంధనలు వేరు. ఒకరి క్లాసులో ఇంకొకరు కూర్చునే దశకు వచ్చాక హెడ్ గారికి నోటిమాటగా చెప్పండి, కారిడార్‌లో చూసి ఆయన ఇంకేదో అనుకోకుండా. ల్యాబ్ మాన్యువలో ప్రశ్నల బ్యాంకో సిద్ధమైతే ముందు ఆయన చేతికే ఇచ్చి సలహా అడగండి, బోర్డు ముందుకు ఆయన ద్వారానే వెళ్ళనివ్వండి. ఆయన నాలుగో మనిషిగా వచ్చి కూర్చుంటానంటే మిగతా ఇద్దరినీ అడిగి ఒప్పుకోండి. వాళ్ళు మొహమాటపడితే, వేరే రోజు ఆయనతో విడిగా కూర్చోండి.